ముందు టంకం, తరువాత కిట్టు

భిలాయి కర్మాగారంలో 1400 డిగ్రీలు దాటిన ద్రవలోహాన్ని నిత్యం చూసే మాకు, 183 డిగ్రీల సెల్సియస్‌కే కరిగే టంకం ఒక లెక్కా అనిపించడం సహజం. అందులో 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం. అయినా అది కోరే ఓర్పు తక్కువ కాదు.

వైశాలి నగర్‌లోని మా ఇంట అబ్బాయి ఎల్‌ఏ 4440 ఆంప్లిఫయర్ కిట్టు తెచ్చి, ఆ సాయంత్రమే పాట వినాలని పట్టుబట్టాడు. డబ్బా విప్పనీయక, పాత రేడియో బోర్డు ఒకటి ఇచ్చి, ముందు దానిపై నూరు అతుకులు వేయమన్నాము. అలిగాడు. కాని ఆ ఐసీకి 14 కాళ్లు. వంకరగా అతికితే అన్నిటినీ కరిగించి ఊడదీయాలి. ఆలోగా బోర్డుపై రాగి పొర లేచిపోవచ్చు.

కాచవలసినది టంకాన్ని కాదు, అతుకును. ఐరన్ మొన తీగను, రాగిని ఒకేసారి తాకాలి. రెండూ వేడెక్కాక టంకాన్ని అతుకుకే అందించాలి. చల్లని రాగిపై కారిన టంకం బొట్టుగా నిలుస్తుంది గాని పట్టుకోదు. అట్టి అతుకు నేడు పలికి రేపు మూగబోతుంది. పిల్లలు విసిగి కిట్టును అటక ఎక్కించేది అప్పుడే.

కిటికీ తెరిపించాము, సీసం కనుక పని ముగియగానే చేతులు కడిగించాము. మూడవనాటికి అతుకులు నున్నగా మెరిశాయి.

తుక్కు రేకులపై చేయి తిరిగాకనే వెల్డరుకు అసలు పని అప్పగిస్తాము. ఇంటి పిల్లలకు ఆ మన్నన ఎందుకు తక్కువ కావాలి?