కోపం గుణమా, రోగమా?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. ఓపీలో ఆ మాట వినబడితే మాత్రం నేను ఒకటే అడుగుతాను: ఇది చిన్నప్పటి నుంచీ ఉన్నదేనా, ఈమధ్య మొదలైందా? స్వభావం బాల్యం నుంచీ మనిషి వెంటే ఉంటుంది. నడివయసులో కొత్తగా వచ్చిన మార్పును రోగలక్షణంగానే చూడాలి.

ముప్పై దాటిన ఒక ఇల్లాలిని అత్తగారు వెంటబెట్టుకొచ్చారు. "మా కోడలు ఎంత నెమ్మదస్తురాలో డాక్టరుగారూ! నాలుగు నెలలుగా ఏం మాట్లాడినా కసురుకుంటోంది, అంతలోనే కూర్చుని ఏడుస్తోంది. ఎవరి దిష్టో అని తాయెత్తు కూడా కట్టించాం" అన్నారు. డిసెంబరు చలిలో ఆ అమ్మాయి ఫ్యాను కింద కుర్చీ చూసుకుని కూర్చుంది. చేతులు చాపమని వేళ్ల మీద ఒక కాగితం పరిచాను. దాని అంచు సన్నగా వణుకుతూనే ఉంది. నాడి నిమిషానికి 120. బాగా తింటున్నా బరువు తగ్గిందట. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ దాదాపు లేదు, టీ4 బాగా ఎక్కువగా ఉంది. థైరాయిడ్ గ్రంథిని అతిగా పనిచేయించే గ్రేవ్స్ వ్యాధి అది. కార్బిమజోల్ మొదలుపెట్టాక రెండు నెలల్లో దడతో పాటు కసురూ, ఏడుపూ తగ్గాయి.

థైరాయిడ్ మందగిస్తే దిగులు, బద్ధకం, మతిమరుపు వస్తాయి. ముదిరితే మతి చలించడమూ ఉంది. లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1949లోనే అలాంటి 14 మంది గురించి రాశాడు. వారిలో ఎక్కువమంది థైరాయిడ్ మందుతోనే కోలుకున్నారు.

రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకరు మధ్యాహ్నం పన్నెండు దాటితే ఇంట్లో అందరి మీదా విరుచుకుపడేవారట. "బడిలో బెత్తం పట్టిన అలవాటు సార్" అని కొడుకు నవ్వేశాడు. ఆయన ఇన్సులిన్ వేసుకుంటారు, భోజనం మాత్రం ఒంటిగంటన్నరకు. కోపం వచ్చినప్పుడే గ్లూకోమీటరుతో చూడమన్నాను. ఆ వారంలోనే 52 చూపించింది. పంచదార నీళ్లు తాగించిన పావుగంటకు, "అందరూ ఇలా నా చుట్టూ చేరారేంట్రా?" అని ఆయనే అడిగారట. షుగర్ 70 కంటే కిందికి పడిపోతే ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది. చెమట, వణుకు, చిరాకు అందుకే. మోతాదు, భోజనం వేళ సరిచేశాక ఇల్లు సర్దుకుంది.

ఇలాంటి కారణాలు ఇంకా ఉన్నాయి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బీ12 తగ్గడం, కొన్ని బీపీ మాత్రలతో పెద్దవాళ్లలో సోడియం పడిపోవడం, స్టెరాయిడ్లు, గురకతో నిద్ర చెడటం, జారిపడిన కొన్ని వారాలకు తలలో రక్తం చేరడం. చాలావాటిని మామూలు పరీక్షలతోనే పట్టుకోవచ్చు.

అలాగని అన్నీ రక్తపరీక్షలో దొరకవు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకతను "నా పర్సనాలిటీయే అంత సార్, ఆన్‌లైన్ టెస్టులో కూడా అలాగే వచ్చింది" అన్నాడు. ఆ టెస్టు నిద్ర సంగతి అడగలేదు. నేను అడిగాను. ఏడాదిలో రెండుసార్లు, వారం పది రోజుల చొప్పున, రాత్రికి రెండు గంటలే పడుకుని కూడా హుషారుగా తిరిగాడు. అప్పు చేసి మరీ షేర్లు కొన్నాడు. ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగలేదు. థైరాయిడ్, షుగర్ అన్నీ నార్మల్. అది బైపోలార్ జబ్బు. గంటకో తీరుగా మారే మనసు వేరు, రోజులూ వారాలూ నిలిచే ఈ పొంగూ కుంగూ వేరు. దిగులు ఒక్కటే చూసి మామూలు డిప్రెషన్ మాత్ర ఇస్తే కొందరిలో ఉన్మాదం ఎగసిపడుతుంది. అందుకే సైకియాట్రిస్టు దగ్గరకు పంపాను. లిథియంతో కుదుటపడ్డాడు. ఆ మందు వాడేవారు రక్తంలో దాని మోతాదు, కిడ్నీ, థైరాయిడ్ క్రమం తప్పకుండా చూపించుకోవాలి.

నిజంగానే ముక్కోపులు ఉన్నారు. చిన్నప్పటి నుంచీ అంతే అయితే వాళ్లకు పరీక్షల మీద పరీక్షలు అక్కర్లేదు, కౌన్సెలింగ్ పనికొస్తుంది. కానీ తెలిసిన మనిషి కొత్తగా మారితే "వాళ్ల తీరే అంత" అన్న ముద్ర చివరికి వేయండి. ముందు డాక్టరుకు చూపించండి, వాడే మందులన్నీ వెంట తీసుకెళ్లండి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి. టెలి మానస్ సహాయవాణి 14416 నంబరు ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.