వేలికొనయందలి విల్లు

కాలక్షేపమన్న మాట వినగానే మన పెద్దలు కనుబొమలు ముడిచెదరు. ఆడువారు సెల్‌ఫోను చేతబట్టి యాటలాడుచున్నారన్నచో మరింత ముడిచెదరు. అయినను పచ్చీసు, వామనగుంటలు, అష్టాచెమ్మ ఎరుగని యిల్లు మన అవ్వల నాడు లేదు. ఇంటిపని తీరిన పిమ్మట మనస్సును ఒక గడియ ఒక గురిమీద నిలుపుట ఎన్నడును దోషము కాదు. ఆ గడియ ఎంత యుండవలెను, దానిని ఎట్లు గడపవలెను అన్నదే విచారింపదగినది. ఈ మాసము మేము సోదరీమణులతో ముచ్చటింపదలచినది, సెల్‌ఫోనులో ఇద్దరు ఎదురెదురుగా నిలిచి బాణములు వేసికొను ఆటను గూర్చి.

మేమీ యాట నేర్చినది వేడుకకొరకు కాదు. మాది ఉద్దానము. పలాసకును సముద్రమునకును నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన సీమ. ఉద్యానమన్న మాటయే ఉద్దానమైనదందురు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటలను నేలబెట్టినది. అంతకు చాలముందే మూత్రపిండముల జబ్బు మా గ్రామములలో అడుగుపెట్టినది. దాని మూలకారణము శాస్త్రజ్ఞులకు ఇంకను నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి మా పల్లెలకు మంచినీరు తెచ్చు పథకమును ప్రారంభమైనవి.

మా వదినగారు వారమునకు మూడుమారులు డయాలిసిస్ చేయించుకొనుచున్నారు. ఒక్కొక్కమారు నాలుగు గంటలు. సూదులు గుచ్చిన ఎడమచేయి కదలరాదు. కుడిచేయి మాత్రము ఖాళీగా నుండును. ఆ నాలుగు గంటలును పైకప్పు చూచుచు పడియుండుట ఎంత కష్టమో దగ్గర కూర్చున్నవారికే తెలియును. చెన్నైలో పనిచేయుచున్న మా మేనల్లుడు ఒకనాడు తల్లి ఫోనులో ఈ విల్లమ్ముల ఆట పెట్టి, దూరమునుండియే తానును ఆడసాగెను. ఫోనులో మాటలన్నచో రెండు నిమిషములకే అయిపోవును. “ఎలా ఉన్నావమ్మా?” అని యతడడుగును. “బాగున్నాను బాబూ” అని యామె చెప్పును. ఇరువురికిని అందులో నిజమెంతయో తెలియును. బాణము అట్లు కాదు. చేయి వణకిననాడు అది వణకుచునే పోవును. “అమ్మా, ఈరోజు బాణాలన్నీ తలమీంచి పోతన్నాయేటి?” అని యతడు నవ్వుచు అడిగిననాడు వెంటనే మాకు వేరుగా ఫోను చేసి, “అత్తా, అమ్మకి నీరసంగా ఉందా?” అని విచారించును. ఇట్టి యాటలో వదినగారు ఊరకయే ఓడిపోవుచుండుట మాకు నచ్చలేదు. కావున మేము కూడ కూర్చుండి నేర్చితిమి. తెలిసికొన్నది చెప్పుచున్నాము.

ఈ యాటలు ముఖ్యముగా రెండు తెగలు. ఆర్చరీ కింగ్ వంటివానిలో ఇరువురును ఒకే గురిబిళ్లకు వంతులవారీగా కొట్టి లెక్కలు పెంచుకొందురు. బౌమాస్టర్స్ వంటివానిలో ఇరువురు యోధులు దూరదూరముగా నిలిచి ఒకరినొకరు కొట్టుకొందురు. మా వదినగారు ఆడునది రెండవ తెగ. వేలితో తెర నొక్కి వెనుకకు లాగినచో విల్లు వంగును. వేలెత్తినచో బాణము పోవును. ఇంతే. ఇంత తేలికగా కనుపించుటయే ఇందలి చిక్కు.

మొదట చేయి, ఫోను సరిచూచుకొనవలెను. తెర తుడిచి, వేలు తడి లేక యుండవలెను. ఫోనును గాలిలో పట్టుకొనక, దిండుమీదనో మోకాలిమీదనో ఆనించవలెను. పెక్కుమంది గురి చెడునది లాగునప్పుడు కాదు, విడుచునప్పుడు. వేలెత్తబోవుచు కొంచెము జార్చెదరు. ఆ జారుటయే బాణమును పాడుచేయును. లాగి, ఒక్క ఊపిరి నిలిచి, వేలిని తిన్నగా పైకి లేపవలెను.

రెండవది, ఒకేసారి రెండు సంగతులు మార్చరాదు. బాణము పోవు దూరము రెండింటిమీద ఆధారపడును: ఎంత బలముగా లాగితిమి, ఎంత ఎత్తుగా చూపితిమి. టెక్కలిలో డిగ్రీ చదువుచున్న మా మేనకోడలు దీనిని కాగితముపై గీసి చూపినది. వేగము రెట్టింపైనచో దూరము రెట్టింపు కాదు, నాలుగింతలగును. వేగము పదవవంతు పెరిగినచో దూరము ఐదవవంతునకు పైగా పెరుగును. కావున లాగుటలో చిన్న పొరపాటు దూరమున పెద్దదగును. ఈ యాటలలో లాగుటకు సాధారణముగా ఒక హద్దుండును. ఎప్పుడును ఆ హద్దువరకు లాగుట అలవాటు చేసికొన్నచో ఆ చిక్కు తీరిపోవును. ఇక ఎత్తు ఒక్కటియే చూచుకొనవలెను. వేలు ఎంత దూరము వెనుకకు పోయిన ఎత్తును అంత సన్నముగా దిద్దుకొనవచ్చును. అదియు నొక లాభము.

ఎత్తును గూర్చి ఒక వింత కలదు. బాణమును 45 డిగ్రీల వాలున విడిచినప్పుడు అది అన్నిటికంటె దూరము పోవును. అచట ఐదు డిగ్రీలు అటునిటు తప్పినను దూరమున నూటికి రెండు పాళ్లు కూడ తేడా రాదు. అదే 15 డిగ్రీలనుండి 20కి మారినచో దూరము పావువంతునకు పైగా పెరిగిపోవును. అనగా మిక్కిలి దూరముగా నున్న శత్రువుకంటె, దగ్గరనున్న శత్రువునకే చేతి నిలుకడ ఎక్కువ కావలెను. సంసారమునందును ఇది కొంత నిజమేమో! మరియొకటి: 30 డిగ్రీలకు పోవు దూరమునకే 60 డిగ్రీలకును పోవును. నడుమ గోడయో చెట్టో అడ్డమున్నచో పైనుండి పోవు రెండవ దారి పట్టవచ్చును.

మూడవది, తప్పిన బాణమునుండి నేర్చుకొనవలెను. మొదటి బాణము శత్రువును దాటి పోయినది, రెండవది ముందే పడినది అనుకొందము. మూడవది ఆ రెండింటి సరిగా నడుమ వేయవలెను. అదియు తప్పినచో మిగిలిన సందును మరల సగము చేయవలెను. ఇట్లు నాలుగైదు బాణములలో గురి దొరకును. చాలమంది మొదటిది దూరమైనదని రెండవదానిని భయపడి మరీ దగ్గర వేసి, కోపముతో మూడవదానిని మరల దూరము వేయుదురు. అది వెదకుట కాదు, తడుములాట. ఎదుటివాని బాణములను కూడ చూచుచుండవలెను. మన బాణము ఖర్చు లేకయే గాలి ఎటున్నదో అవి చెప్పును. భావనపాడు, బారువ తీరములలో వలవేయు బెస్తలు వల విసరుటకు ముందు గాలిని చూచుకొనుట మనమెరుగుదుము. గాలి గుర్తున్న ఆటలలో మొదట చూడవలసినది శత్రువును కాదు, ఆ గుర్తును.

నాలుగవది, తలకు తగిలిన దెబ్బ పెద్దదని మొదటినుండియు తలకే గురిపెట్టరాదు. తల చిన్నది, మొండెము పెద్దది. మొండెమునకు తగులు గురి దొరకిన తరువాత కొంచెము పైకి జరిపిన చాలును.

ఐదవది తొందర. పలాస జీడి బట్టీలలో పిక్కలు కొట్టు మన స్త్రీల కిది వేరుగా చెప్పనక్కరలేదు. నిదానముగా కొట్టిన చేతికి గుండు పప్పు వచ్చును. తొందరపడిన చేతికి బద్ద వచ్చును. గుండునకును బద్దకును ధరలో ఎంత తేడాయో వారికి తెలియును. విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు మూడు బంగారు పతకములు గెలిచినది. ఒంటరిపోటీ తుదియాటలో 15 బాణములకు 150 లెక్కలలో 149 సంపాదించినది. గురి 50 మీటర్ల దూరమున నుండును. ఒక్కొక్క బాణమునకు 20 సెకన్లే గడువు. ఆ కొద్దిపాటి గడువులోనే తొందర లేక యుండుట ఆమె విద్య. మన యాటలోను గడువు చాలినంత యుండును. దానిని వాడుకొనుటయే మనము నేర్వవలెను.

ఇంతమాత్రముచేత ఫోను ఆట విలువిద్య యని మేమనము. నిజమైన వింటికి భుజబలము, ఏండ్ల సాధన కావలెను. మందస, మెళియాపుట్టి కొండలలోని సవరలు విల్లమ్ములతో వేటాడినవారు. వారి వింటిముందు మన వేలికొన విల్లు బొమ్మ మాత్రమే. అయినను విల్లు పురుషుల సొత్తని ఎవరైన నన్నచో, నరకునితో పోరునకు విల్లెత్తిన సత్యభామను పోతనగారు దశమస్కంధమున ఎంత మురిపెముగా చూపిరో జ్ఞాపకము చేయవచ్చును.

తుదకు రెండు హద్దులు చెప్పవలసియున్నది. మొదటిది కాలము. వరుసగా మూడు ఆటలు ఓడినచో ఆనాటికి ఫోను పక్కన పెట్టవలెను. ఓటమి కసితో ఆడిన నాలుగవది గెలుచుట అరుదు. రెండవది ధనము. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టము డబ్బు పందెముగా పెట్టు ఆన్‌లైను ఆటలను నిషేధించినది. కాని ఆటలో మంచి విల్లనియు బంగారు నాణెములనియు చెప్పి కొనిపించు సరకులు వేరు. మా వీథిలో ఒక బాలుడు తల్లి జీడిపిక్కలు కొట్టి తెచ్చిన వారపు కూలిని ఇట్టి ఉత్తుత్తి బాణములకు ఒక సాయంకాలమున ధారపోసెను. ఆ తల్లికి ఆ సంగతి అంగడిలో బియ్యము కొనబోయినప్పుడు గాని తెలియలేదు. పిల్లల చేతికి ఫోను ఇచ్చునప్పుడు డబ్బు చెల్లించు రహస్యసంఖ్య వారికి తెలియకుండ చూచుకొనుట తల్లుల పని. కొన్న వింటితో గెలిచినవాడు గురి నేర్వడు.

మా వదినగారు ఇప్పుడు పది ఆటలలో నాలుగైదు గెలుచుచున్నారు. జబ్బు తగ్గలేదు. అది ఆటలతో తగ్గునది కాదు. కాని నాలుగు గంటలు నాలుగు గంటలుగా తోచుట లేదు. నీరసముగా నున్నదినమున, “ఇవాళ ఒంట్లో బాగోలేదు బాబూ, మెల్లిగా ఆడు” అని యామె తానే కుమారునితో చెప్పుచున్నది. వెనుక ఆ మాట ఆమె నోట ఎన్నడును వచ్చెడిది కాదు. దూరమున బిడ్డలున్న తల్లులు మన సీమలో ఇంటింటను కలరు. వారు ఏ ఆటయైన ఆడవచ్చును, ఆడకపోవచ్చును. ఒంటిలోని నిజమును మాత్రము బిడ్డలకు దాచకుండ చెప్పుదురుగాక యని మా మనవి.