రెండు దరఖాస్తులు

మన కళాశాలలో బి.ఏ. చదివి, మరొక చోట ఎం.ఏ. తెలుగు ముగించి, నేడు పిహెచ్.డి. పరిశోధక విద్యార్థిగా పేరు నమోదు చేసుకున్నవాడను గనుక, ఆ ప్రవేశమును గురించి నాలుగు మాటలు వ్రాయవలసినదిగా సంపాదక వర్గమువారు కోరారు. విజయగాథ వ్రాయుమని వారి అభిప్రాయము కావచ్చును. కాని నా దరఖాస్తు మొదటిసారి తిరస్కరింపబడినది. విద్యార్థి మిత్రులకు చెప్పదగిన విషయమంతా ఆ తిరస్కారములోనే ఉన్నది.

మా తండ్రిగారు తెలంగాణలోని ఒక చిన్న పట్టణములో, సబ్ రిజిస్ట్రారు కార్యాలయము ఎదుట బల్ల వేసికొని కూర్చుండు దస్తావేజు లేఖరి. ఇంటిలో మా భాష ఉర్దూ. ఆయన చదువు సాగినది ఉర్దూ మాధ్యమములోనే. అయినను నలభై సంవత్సరములుగా ఆయనకు అన్నము పెట్టినది తెలుగు వ్రాత. నేను ఎం.ఏ. పూర్తి చేసిన 2022లో ఆయనకు కంటిచూపు మందగించినది. ఆ బల్ల నాకు అప్పగించవలెనని ఆయన కోరిక. పైకి ఎన్నడూ అనలేదు. వ్రాసిన ప్రతి ముసాయిదాను నాచేత ఒకసారి చదివించుకొనేవారు, అంతే. ఆ చదివించుటలోని అర్థము నాకు తెలియకపోలేదు. తెలిసియే నేను పరిశోధన చేయుదునని పట్టుబట్టాను.

నా పట్టుదలకు ఒక ఆధారము కూడ ఉండేది. మైనారిటీ విద్యార్థుల కొరకు ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ లభించినచో ఇంటిపై భారము పడదని నా లెక్క. ఆ సంవత్సరము డిసెంబరులోనే, ఆ పథకమును 2022–23 నుండి నిలిపివేసినట్లు లోక్‌సభలో ప్రకటన వెలువడినది. వార్తాపత్రికలో ఆ నాలుగు పంక్తులు చదివిన సాయంత్రము నేను భోజనము చేయలేదు. అబ్బా కారణము అడగలేదు. మరునాడు ఉదయము మాత్రము ఎప్పటివలె ముసాయిదా నా చేతికిచ్చి, "చదువు బేటా" అన్నారు.

అయినను 2023లో ఒక విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు చేశాను. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారము ఎం.ఏ.లో 55 శాతము మార్కులు ఉండవలెను. వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు, వికలాంగులకు ఐదు శాతము సడలింపు కలదు. ఆ విషయములో నాకు చిక్కు లేదు. చిక్కు వచ్చినది నా పేరుతో. పదవ తరగతి మార్కుల జాబితాలో నేను "ఎండీ", డిగ్రీ పట్టాలో "మహమ్మద్", ఆధార్ కార్డులో "మొహమ్మద్". ముగ్గురును ఒకరేనని ప్రమాణ పత్రము దాఖలు చేయవలసి వచ్చినది. మన కళాశాల విద్యార్థులలో ఈ అవస్థ ఎరుగనివారు అరుదు. ఊరిలో సగము మందికి ఇట్టి ప్రమాణ పత్రములు వ్రాసియిచ్చిన మా తండ్రిగారు కన్నకొడుకుకు కూడ ఒకటి వ్రాసి, నవ్వుచు రుసుము అడిగారు. పేర్లు ఇప్పుడే సరిచేయించుకొనుడని తమ్ములకు, చెల్లెండ్రకు నా మనవి. గడువు చివరి వారములో నోటరీ దొరకడు.

ప్రవేశ పరీక్ష గట్టెక్కినది. అందు సగము పరిశోధనా పద్ధతి, సగము విషయము. తరువాత మౌఖిక పరీక్ష. నా ప్రతిపాదన శీర్షిక "తెలుగుపై ఉర్దూ ప్రభావము". ఆ శీర్షికను తలచుకొన్న కొలది నాకు గర్వముగా ఉండేది. రెండు భాషలు తెలిసినవాడను, ఇంతకంటె యోగ్యుడెవ్వడను అహంకారము లోపల లేకపోలేదు.

గదిలో నలుగురు ఆచార్యులు. వారిలో పెద్దవారు నా ప్రతిపాదనను తిరగవేసి, "ఏ శతాబ్దపు తెలుగు?" అన్నారు. నేను మౌనము. "ఏ ప్రాంతము? కావ్యములలోనా, వాడుకలోనా, కచేరీ వ్రాతలోనా?" మరల మౌనము. రెండవవారు మృదువుగా, "డాక్టర్ కె. గోపాలకృష్ణారావుగారి 'తెలుగుపై ఉర్దూ పారశీకముల ప్రభావము' చూచారా?" అని అడిగారు. చూడలేదు. నా శీర్షికతో దాదాపు ఒక గ్రంథమే నాకు ముందుగా వ్రాయబడి ఉన్నది! "బ్రౌను దొర 1854లో అచ్చువేసిన మిశ్రభాషా నిఘంటువు? విల్సను 1855లో వెలువరించిన రెవెన్యూ, న్యాయ పదముల కోశము?" పేర్లు విన్నాను, పుటలు తెరవలేదు. నాకు ఉర్దూ మాతృభాష అని చెప్పుకొన్నాను. పెద్దాయన, "అది మీ అదృష్టము. మీ ప్రశ్న ఏమిటి?" అన్నారు.

ఆ మాటకు ఆ దినమున నాకు కోపము వచ్చినది. ఫలితముల పట్టికలో పేరు లేకపోగా, మనవానికి చోటివ్వరని ఇంటికి వచ్చి అన్నాను కూడ. నిజము చెప్పవలెనన్న, వారు అడిగినది న్యాయమైన ప్రశ్న. నావద్ద విషయము ఉన్నది, ప్రశ్న లేదు.

ఆ ప్రశ్న నాకు మా ఇంటి వసారాలో దొరికినది. ఒక రాత్రి క్రయ దస్తావేజు ముసాయిదా చదువుచు, "సర్వ హక్కు భుక్తములతో" అను చోట ఆగాను. వందలసార్లు చదివిన మాట. హక్కు అరబ్బీ, భుక్తము సంస్కృతము. రెంటిని ముడివేసినది ఎవరు? ఆ క్రిందనే వారసులు, హద్దులు, షరతు, దఖలు. వీలునామాలో మొదటి సగము ఇంగ్లీషు, రెండవ సగము పారశీకము. అబ్బాను అడిగాను. ఆయన పెట్టె తెరచి, తమకు పని నేర్పిన ఉస్తాదు వ్రాసికొన్న నోటు పుస్తకము తీశారు. ఎడమ పుటలో ఉర్దూ వాక్యము, కుడి పుటలో దానికి తెలుగు. నిజాం రాజ్యములో కచేరీ భాష ఉర్దూ గదా! 1948 తరువాత, విశేషించి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట, ఆ వ్రాత క్రమముగా తెలుగులోనికి మారినది. ఉస్తాదు ఆ మార్పు నడుమ కూర్చుండి, కొన్ని మాటలు మార్చి, కొన్ని అట్లే ఉంచినారు. ఏవి ఉంచినారు, ఏల ఉంచినారు?

రెండవ ప్రతిపాదన ఆ రాత్రి మొదలైనది. ఒకే సబ్ రిజిస్ట్రారు కార్యాలయము, ఒకే రకపు పత్రము, 1951 నుండి 1970 వరకు. ఈసారి ముందుగా గ్రంథములు చదివాను. ఆచార్యుల వివరములు కూడ విచారించాను. ప్రొఫెసరు ఎనిమిదిమందిని, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురిని మించి పరిశోధకులను తీసుకొనరాదు. పదవీ విరమణకు మూడేండ్ల కంటె తక్కువ గడువున్నవారు క్రొత్తవారిని చేర్చుకొనరాదు. ఈ లెక్క చూడక, ఖాళీ లేని ఆచార్యుని నమ్ముకొని ఏడాది పోగొట్టుకొన్న మిత్రులు నాకున్నారు.

ప్రవేశములకు నెట్ మార్కులను తీసుకొనవచ్చునని 2024 మార్చిలో యు.జి.సి. ప్రకటించుటచే ఆ పరీక్షకు కూర్చున్నాను. జూన్ 18న వ్రాసిన పరీక్ష మరునాడే రద్దయినది. తొమ్మిది లక్షలమందిలో నేనొకడను. మరల ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జరిగినది. పిహెచ్.డి. ప్రవేశమునకు అర్హత వచ్చినది, జె.ఆర్.ఎఫ్. రాలేదు. నెలకు 37,000 రూపాయలు కొద్ది మార్కులలో చేజారినవి. దానిని గురించి ఇంకేమి వ్రాసినను ఏడ్పే అగును.

ఈ మార్గములో నెట్ మార్కులకు 70 శాతము, మౌఖికమునకు 30 శాతము విలువ. రెండవ మౌఖిక పరీక్షలో ఒకే ఒక్క కఠిన ప్రశ్న వచ్చినది: "పరుల దస్తావేజులు మీకెవరు చూపుదురు?" దీనికి సమాధానము అబ్బా ముందుగానే చెప్పియుంచారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము 57వ సెక్షను ప్రకారము, స్థిరాస్తి పత్రములు నమోదగు ఒకటవ పుస్తకమును రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును, నకలు పొందవచ్చును. వీలునామాలుండు మూడవ పుస్తకమునకు ఆ వీలు లేదు, అందుకే నేను క్రయ పత్రములకు పరిమితమైనాను. నేనిది చెప్పగా, ఆచార్యులవారు వ్రాసికొనుట చూచాను. ఎవరు చెప్పినారని అడిగారు. మా తండ్రిగారు దస్తావేజు లేఖరి అని చెప్పాను. మొదటిసారి ఆ మాట చెప్పుటకు నేను సిగ్గుపడి, వ్యాపారము అని వ్రాసియుంటిని.

2025లో ప్రవేశము లభించినది. ఫెలోషిప్ లేదు. వారములో మూడు దినములు కోర్సు తరగతులు, మిగిలిన దినములలో అబ్బా బల్ల ప్రక్కన నా కుర్చీ. మధ్యాహ్నము రద్దీ తగ్గిన తరువాత ఎదుటి కార్యాలయములో రుసుము కట్టి పాత సంపుటములు చూతును. సిద్ధాంత గ్రంథము ఎన్ని పుటలుండవలెనని ఆయన ఒకనాడు అడిగారు. రెండు వందల యేబది వరకు ఉండవచ్చునన్నాను. కొంతసేపు లెక్క వేసి, "పుటకు ఎంత ఇస్తారు బేటా?" అన్నారు. ప్రస్తుతము 1957వ సంవత్సరపు సంపుటము వద్ద ఉన్నాను.