వేరే గిన్నెలో పొంగలి

2011 డిసెంబరు 30 తెల్లవారాక థానే తుపాను పుదుచ్చేరికీ కడలూరుకీ మధ్య తీరం దాటింది. గాలి గంటకి 140 కిలోమీటర్ల దాకా వీచిందని తర్వాత పేపర్లో చదివాను. ఆ పూట మాకు తెలిసిందల్లా డాబా మీది సింటెక్సు ట్యాంకు దొర్లుకుంటూ పోయి పక్కింటి గోడకి కొట్టుకున్న చప్పుడు. దాంతోపాటు ఒక్క చుక్క లేకుండా నీళ్లూ పోయాయి. అమ్మకి అప్పటికే కడుపు ఆగడం లేదు.

అమ్మది గర్భసంచి ముఖద్వారం కేన్సరు. కోత పెట్టే దశ దాటింది, కరెంటు, అంటే రేడియేషను, పెట్టించుకోవాల్సిందేనని కాకినాడలో చెప్పారు. యానాం ఉండేది గోదావరి ఒడ్డునే గానీ పరిపాలన పుదుచ్చేరిది కాబట్టి, అక్కడి మా చుట్టాలు పెద్ద జబ్బంటే ఆ ఊరే వెళ్తారు. వాళ్ల మాట పట్టుకునే మేమూ బయల్దేరాం. చెన్నైలో రైలు దిగి, కోయంబేడులో బస్సెక్కి, గోరిమేడు ఆసుపత్రి దగ్గర ఓ ఇంటి మేడమీద గది తీసుకున్నాం. ఆ వీధుల్లో సగం గదులు రోగులవే. ఏ కిటికీలోంచి చూసినా ఆరేసిన తెల్ల తువ్వాళ్లు, గ్లూకోజు డబ్బాలు.

వారానికి ఐదు రోజులు కరెంటు, ఒకరోజు కీమో. పొత్తికడుపు మీద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. స్నానం చేస్తే అవి చెరిగిపోకూడదు. మిషను ఎక్కేముందు కడుపునిండా నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని కూర్చోవాలి. మూడో వారానికి విరేచనాలు పట్టుకున్నాయి. మూత్రం వచ్చినప్పుడల్లా మంట. చికిత్స ఫలిస్తోందనడానికి అదో గుర్తని కీమో వార్డులో పక్కమంచం ఆవిడ ధైర్యం చెప్పింది. అందులో నిజమెంతో గానీ, ఆ మాట మాత్రం మాకు పనికొచ్చింది.

ఇక తుపాను సంగతి. కరెంటు స్తంభాలు కూలిపోయాయి. చెట్లు రోడ్లకి అడ్డంగా పడ్డాయి. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు. పాలపాకెట్టు కోసం జనం కొట్టుకున్నారు. ఆసుపత్రికి వెళ్లే దారి తెరుచుకుని, మళ్లీ మిషను ఎక్కడానికి రోజులు పట్టింది. ఇవన్నీ ఎలాగో పడొచ్చు. గంటకోసారి బాత్రూముకి వెళ్లే మనిషిని పెట్టుకుని నీళ్లు లేకుండా ఉండటం మాత్రం పడలేం. చీరలు, దుప్పట్లు, గచ్చు, అన్నీ కడగాలి. చర్మం కమిలి ఉంది కాబట్టి రుద్దకూడదు, నీళ్లు పోసి పోసి కడగాలి.

ఇంటావిడ వితంతువు. పూర్వీకులెప్పుడో అటు వెళ్లి స్థిరపడిన నాయుళ్లట. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం తెలియదు. గుమ్మం మీద వినాయకుడి పటం. పొద్దున్నే ఆవిడ ముగ్గు వేశాక గానీ ఎవరూ గడప దాటకూడదు. ఆవిడ పెరట్లో పాత బోరింగు ఒకటి ఉంది. వాడక తుప్పుపట్టిందన్నారు. రెండు చెంబులు పోసి నాలుగు సార్లు కొడితే ఎర్రనీళ్లు, ఆ తర్వాత మంచినీళ్లు వచ్చాయి. గంటలో వీధి వీధంతా బిందెలతో వచ్చేసింది. ఆవిడ గోడ పక్కన పీట వేసుకు కూర్చుని ఇంటికి రెండు బిందెలని లెక్క పెట్టింది. నేను మూడోసారి దిగేసరికి వెనక నుంచి ఎవరో అరవంలో గొణిగారు. ఆవిడ లేచి నిలబడి వాళ్లకి ఏం చెప్పిందో నాకు అర్థం కాలేదు గానీ, నాతో మాత్రం, "పట్టుకో పాపా. కాయిలా మనిషికి లెక్కేముండాది" అంది. అవతలి నుంచి మళ్లీ మాట రాలేదు. సాయంత్రానికి నా అరచేతులు బొబ్బలెక్కితే వాళ్లబ్బాయే బిందెలు మేడమీదికి మోశాడు.

నాకు సిగ్గుగా ఉండేది. పరాయి ఊళ్లో, పరాయివాళ్ల నీళ్లతో, అమ్మ ఒళ్లు కడుగుతూ, తలుపు సందులోంచి వాళ్లబ్బాయి బిందె అందిస్తుంటే. అమ్మకి మాత్రం ఆ సిగ్గు లేశమైనా లేదు. "బాబూ, అక్కడ పెట్టెయ్, దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు" అని మంచం మీంచే చెప్పేది. పిఠాపురంలో కెనడా బాప్టిస్టు మిషనరీలు పెట్టిన ఆసుపత్రిలో ఆవిడ ఆయాగా చేసింది. బెడ్‌పాన్లు ఎత్తింది, కాన్పు గుడ్డలు ఉతికింది. ఊళ్లో మమ్మల్ని అరుగు ఎక్కనివ్వని ఇళ్ల ఆడవాళ్లకి కూడా ఆవిడ చేతులే స్నానం చేయించాయి. ఆ జీతంతోనే నేను టీచరు ట్రైనింగు చదివాను. ఒకరి ఒళ్లు ఇంకొకరు కడగడంలో తలవంపులేమీ లేవని ఆవిడ ఎప్పుడో తేల్చుకుంది. నాకు ఆ సంగతి పుదుచ్చేరి బాత్రూములో, మగ్గు చేత్తో పట్టుకున్నాకే తెలిసింది. చదువు చెప్పించినందుకు అమ్మకి కృతజ్ఞతలు చాలాసార్లే చెప్పుకున్నాను. ఆ చదువుకి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏనాడూ ఇంత దగ్గరగా చూడలేదు.

అమ్మ భక్తి మెత్తనిదేమీ కాదు. ప్రసాదం ముట్టదు. విగ్రహం ఉన్న చోట తల వంచదు, అది మరియమ్మ విగ్రహమైనా సరే. రాత్రి గట్టిగా ప్రార్థన చేస్తుంది, కింద వాళ్లకి వినబడినా తగ్గించదు. అలాగని ఎవరి మీదా పడదు. వార్డులోకి ఓ బోధకుడు వచ్చేవాడు. మనవాడే, తెలుగువాడు. ఒకరోజు పక్కమంచం ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టబోయాడు. ఆవిడ బొట్టు పెట్టుకుంది, మాట్లాడే ఓపిక లేదు. అమ్మ ఇటు తిరిగి, "అడిగావా బాబూ? అడక్కుండా చెయ్యి పెట్టకు" అంది. అతను నవ్వేసి, ఆత్మల భారం అని ఏదో అనబోయాడు. "ఆవిడ భారం ఆవిడకి చాలు, నువ్వెళ్లు" అంది అమ్మ. నాకు తెలిసి పరమత సహనం గురించి అమ్మ అంతకు మించి ఉపన్యాసం ఇవ్వలేదు.

తుపాను తర్వాత ఓ ఆదివారం, గుడికి వెళ్లాలంది. తెలుగు ఆరాధన ఎక్కడుందో కనుక్కునే ఓపిక లేక ఆటోవాడు దింపిన చోటికే వెళ్లాం. మిషన్ వీధిలో సాంబా కోయిల్ అంటారు, కథోలికుల పెద్ద గుడి. ఇప్పుడున్న కట్టడం 1791లో పూర్తయింది. అమ్మ ఆఖరి బెంచీలో కూర్చుంది. అరవంలో పూజ అర్థం కాకపోయినా కళ్లు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. ఆ గుడికి పాత కథ ఒకటుంది. ఇదే చోట, పాత సెయింట్ పాల్ చర్చి పక్కన వేదపురీశ్వరుడి కోవెల ఉండేది. ఫ్రెంచివాళ్ల తరఫున డూప్లే గవర్నరుగా ఉండగా, 1748 సెప్టెంబరులో, ఇంగ్లీషువాళ్లు ఊరిని ముట్టడించిన రోజుల్లో, దాన్ని పడగొట్టించారు. డూప్లే దుబాషీ ఆనందరంగ పిళ్లై తన డైరీలో ఆ బాధంతా అరవంలో రాసుకున్నాడు. ఆయన మనకి కొత్తవాడు కాదు, కస్తూరి రంగకవి తెలుగు ఛందోగ్రంథం ఒకటి ఆయనకే అంకితమిచ్చాడు. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేసినప్పుడు ఆ చర్చీ మిగల్లేదు. ఈశ్వరుడి గుడిని తర్వాత వేరే చోట కట్టుకున్నారు.

ఇదంతా చదివి చెప్తే అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. "చేతిలో అధికారం ఉంటే మనవాళ్లూ అంతే" అని ఊరుకుంది.

పొంగల్ వచ్చింది. ముందురోజు ఇంటావిడ మెట్లెక్కి వచ్చి, "అక్కా, రేపు చక్కెర పొంగలి పంపిస్తాను, కొంచెమైనా తినల్ల" అంది. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "దేవుడి దగ్గర పెట్టకముందే నాకు తీసి ఉంచు చెల్లెమ్మా. పెట్టింది నేను తినను" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. పొయ్యి మీది పొంగలి సూర్యుడికి చూపించకుండా ఒకరికి తీసి పెట్టడమంటే ఆ ఇంట్లో ఎంత తప్పో నాకు తెలుసు. పైగా అడుగుతున్నది ఎవరిని, ఇన్నాళ్లూ మాకు నీళ్లిచ్చినావిణ్ణి. అమ్మ మొహంలో బెట్టు లేదు, బతిమాలుకోవడమూ లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే.

ఇంటావిడ కాసేపు నిలబడింది. "సరే అక్కా" అని దిగిపోయింది.

మర్నాడు వాకిట్లో చెరుకుగడల మధ్య మట్టికుండలో పొంగలి పొంగింది. అందరూ "పొంగలో పొంగల్" అని అరిచారు. లోపల వంటింట్లో, గ్యాసు పొయ్యి మీద, చిన్న ఇత్తడి గిన్నెలో విడిగా ఇంకో పొంగలి ఉడికింది. ముందుది దేవుడికి, రెండోది అమ్మకి. కుండలోది తీసి ఇవ్వలేదు, అలాగని మాకు ఇవ్వడం మానలేదు. పండగపూట ఇంటినిండా చుట్టాలుండగా రెండుసార్లు వండింది. జీడిపప్పు రెండింట్లోనూ ఒకేలా వేసింది, నేను చూశాను. అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, వారాల తర్వాత మొదటిసారి గిన్నె ఖాళీ చేసింది.

మనం సహనం అంటే మనం అవతలివాళ్లకి చూపించేదనుకుంటాం. అక్కడ భరించింది ఆవిడ, భరింపబడ్డది మేము. అమ్మ గొప్పతనమల్లా ఆ మాట దాచుకోకపోవడం.

ఫిబ్రవరిలో ఊరికి వచ్చేశాం. కాస్త తేరుకున్నాక సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. మన గుళ్లలో సాక్ష్యాల పద్ధతి తెలిసిందే. జబ్బు వచ్చింది, ప్రభువు ముట్టాడు, స్తోత్రం. అమ్మ మైకు పట్టుకుని ప్రభువుకి స్తోత్రం చెప్పింది. తర్వాత కరెంటు పెట్టిన డాక్టరమ్మకి, గీతలు గీసిన కుర్రాడికి చెప్పింది. ఆ తర్వాత వినాయకుడి పటం ఉన్న ఇంటి సంగతి, బోరింగు, రెండో గిన్నె, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చింది. పాస్టరుగారు రెండుసార్లు గడియారం చూశారు. అమ్మ ఇంటావిడ పేరు చెప్పి, ఆమె కోసం ప్రార్థన చెయ్యమని సంఘాన్ని అడిగింది. మతం మారాలని కాదు, మోకాళ్ల నొప్పులు తగ్గాలని. ముందు వరసలో ఎవరో నవ్వారు.

ఆరాధన అయ్యాక పెద్దలెవరూ ఆ ఊసెత్తలేదు. చెప్పులు వేసుకుంటుంటే జగన్నాథపురం నుంచి వచ్చే ఓ ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. వాళ్ల తోడికోడలికి ఇదే జబ్బట, వచ్చేవారమే పుదుచ్చేరి ప్రయాణమట. "ఆ ఇంటావిడ ఫోన్ నంబరు ఉందా అమ్మా? గది ఖాళీ ఉంటుందేమో కనుక్కుంటావా?" అంది. అక్కడే నిలబడి ఫోన్ చేశాను. గది ఖాళీగానే ఉంది. అద్దె మాత్రం రెండొందలు పెంచిందట.