రెండంచుల పెట్ట

కోడి ఈకను చెవిలో తిప్పుకోవడానికి తీసుకున్నవారు మనలో చాలామందే ఉంటారు. చూడటానికి తీసుకున్నవారు తక్కువ. నేను చెప్పబోయేది ఇండియన్ గేమ్ అనే జాతి పెట్ట వీపు మీది ఈక. దాని నేల తమలపాకుకు రాసే కాచు రంగు. అంచు వెంబడి ఒక నల్లని గీత. దానికి లోపల, కాస్త ఎడం విడిచి, అదే ఆకారంలో మరొక నల్లని గీత. నలుపు అంటే మసి నలుపు కాదు. ఎండకు వాలిస్తే నెమలి మెడలా పచ్చగా తిరిగే నలుపు. ఒంటినిండా ఒక్కొక్క ఈక మీదా ఇదే పని. ఇక్కడివారు దీనిని జంట లేసు అంటారు. నాకు మాత్రం రెండంచుల చీర అనే తోస్తుంది.

ఉద్యోగరీత్యా నేను ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్‌లో స్థిరపడ్డాను. ఈ జాతి పుట్టిల్లు ఇదే. అమెరికాలో దీనినే కార్నిష్ అంటారు. బాడ్మిన్ ఊరి గుట్ట మీద ఒక ఎత్తైన రాతి స్తంభం ఉంది. అది సర్ వాల్టర్ గిల్బర్ట్ అనే సేనాని స్మారకం. బెంగాల్ సైన్యంలో పనిచేసిన ఈయనే పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకాలలో మన దేశపు అసీలు కోళ్లను ఇక్కడి పందెపు కోళ్లతో కలిపి ఈ జాతికి మూలం వేశాడని చెబుతారు. అసీలుకు సొంత నేలలుగా చెప్పుకునే ప్రాంతాలలో మన ఆంధ్ర దేశమూ ఒకటి. అందువలన మా పెరటిలోని ఈ కోళ్లను నేను పరాయివిగా ఎన్నడూ అనుకోలేదు. వలస వచ్చినవారం ఇద్దరమూ అనుకున్నాను.

గిల్బర్ట్ కోరినది పోరాడే కోడిని. వచ్చినది వెడల్పాటి రొమ్ము, పొట్టి కాళ్లు, బరువైన ఒళ్లు కలిగిన కోడి. అది పందానికి పనికిరాలేదు. 1835లో ఇంగ్లండులో చట్టం కోడిపందేలనే నిషేధించింది. 1845లో లండన్ జంతుప్రదర్శనశాలలో కోళ్ల ప్రదర్శన జరిగింది. ఆ తరువాత కోళ్ల పెంపకందార్ల పోటీ బరి నుండి బల్ల మీదికి మారింది. ఎవరి కోడి గెలిచింది అన్న ప్రశ్న పోయి, ఎవరి కోడి ఈక తీరుగా ఉంది అన్న ప్రశ్న వచ్చింది. కత్తి పోయి ఈక మిగిలింది. ఈ ఒక్క మాట కోసమే నేను కోళ్లు పెంచుతున్నాననుకున్నా తప్పు లేదు.

ఎందుకో చెప్పాలి. మాది భీమవరం దగ్గర పల్లె. మా తాతగారు పందెగాడు. ఆయన రంగు చూసి, తిథి చూసి, దిక్కు చూసి పుంజును దింపేవారట. మూడు సంక్రాంతులలో రెండెకరాల మాగాణి పోయింది. అప్పటికి మా నాన్నగారికి పన్నెండేళ్లు. ఆ తరువాత మా ఇంట కోడి అడుగు పెట్టలేదు. పెరటిలో కాదు సరికదా, కంచంలోనూ లేదు. నేను కోళ్లు పెంచుతున్నానని తెలిసినప్పుడు నాన్నగారు ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఇంగ్లండు దాకా వెళ్లి నీకు దొరికింది అదా?" అన్నారు.

ఈ రెండంచులు ఎలా పడతాయో కొంచెం వివరిస్తాను. జన్యుశాస్త్రం ప్రకారం ఇందుకు ముఖ్యంగా రెండు జన్యువులు కలవాలి. ఒకటి ఈక మీద గీతలను తీర్చేది, రెండవది నలుపును పెంచి అంచుకు తోసేది. మొదటిది ఒక్కటే ఉంటే సన్నని గీతలు వరుసలుగా వస్తాయి. రెండూ ఉంటే జంట అంచు. వీటికి తోడు నలుపును ఒంటి మధ్య నుండి తగ్గించే మూడవది చేరితే ఒంటి అంచే మిగులుతుంది. ఇక నల్ల అంచు బదులు తెల్ల అంచు ఉన్న రకాన్ని జూబిలీ అంటారు. అందులో నలుపును కప్పివేసే తెలుపు జన్యువు ఉంటుంది. అది ఎరుపు జోలికి పోదు గనుక కాచు నేల అలాగే నిలిచి, అంచు మాత్రమే వెల్లబడుతుంది. నీలి అంచు రకం మరీ చిత్రం. నీలాన్ని నీలంతో కలిపితే సగటున సగం పిల్లలే నీలం. పాతిక వంతు నలుపు, పాతిక వంతు చుక్కల తెలుపు. ఎన్ని తరాలు తపస్సు చేసినా ఆ నీలం స్థిరపడదు. మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని తొలిగా చూపినవారిలో ఒకడైన విలియం బేట్సన్, 1902లో ప్రకటించిన ప్రయోగాలకు వాడిన కోళ్లలో ఈ ఇండియన్ గేమ్ కూడా ఉంది.

అసలు చిక్కు పుంజుతో వస్తుంది. ఈ జాతి పుంజు ఒంటి మీద అంచులు కనబడవు. అది దాదాపు అంతా నలుపు. మెడలోనూ రెక్కలోనూ కొంచెం కాచు రంగు. కూతురికి ఇవ్వబోయే అంచులను తండ్రి తన ఒంటి మీద చూపడు. పుంజును ఎంచాలంటే దాని తల్లిని చూడాలి, తోబుట్టువులను చూడాలి, ఆపై కూతుళ్లు పెరిగేదాకా ఆగాలి. పిల్లల తొలి ఈకలను నమ్మరాదు. అవి రాలి, నాలుగైదు నెలలకు వచ్చే ఈకలే సాక్ష్యం.

ఒకనాడు వీడియోలో నాన్నగారికి ఒక పెట్టను చూపించి, "దీనిని మన వైపు ఏమంటారు?" అని అడిగాను. ఆయనకు పేర్లన్నీ వచ్చునని నాకు తెలుసు. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ, బూడిద కలిసిన ఎరుపు మైల. వినకూడదనుకుంటూనే విని నేర్చిన పేర్లవి. ఆయన తెరకు దగ్గరగా వంగి చూశారు. "దీనికి పేరుండదురా. కాకి పెట్ట, డేగ పెట్ట అంటారు గానీ, శాస్త్రమంతా పుంజుకే. పెట్ట మీద ఎవడు పందెం కాస్తాడు?" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఈకల రంగులకు ఇన్ని పేర్లున్న భాష మనది. కానీ ఆ పేర్లన్నీ గెలుపోటముల లెక్కకే కుదువబెట్టి ఉన్నాయి. కుక్కుటశాస్త్రంలో ఏ రంగు ఏ రోజున దేనిని గెలుస్తుందో ఉంటుంది. ఏ రంగు ఎలా పుడుతుందో, ఎందుకు అందంగా ఉంటుందో అడిగేవారు తక్కువ. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉండగానే సంక్రాంతి బరులు నడుస్తున్నాయి. రేపు అవి నిజంగా ఆగితే ఆ పేర్లు కూడా పోవాలా? పందెం పోయినా పేరు మిగలాలని నా ఆశ.

అయితే ప్రదర్శనలకు కూడా ఒక మూల్యం ఉంది. బల్ల మీద గెలవడం కోసం ఈ జాతి రొమ్మును మరీ వెడల్పు చేశారు, కాళ్లను ఎడం చేశారు. జత కట్టడమే కష్టమై చాలా గుడ్లు తేలిపోతాయి. ఇదే జాతి తెల్ల రకాన్ని తల్లిదండ్రులలో ఒకటిగా తీసుకుని బ్రాయిలర్‌ను రూపొందించారు. తెల్ల ఈకే ఎందుకంటే, పీకిన తరువాత చర్మం మీద మొలకల మచ్చ కనబడదు గనుక. ఆదివారం మనవాళ్ల ఇళ్లలో ఉడికే కోడిలోనూ ఆ విధంగా అసీలు పాలు కొంత ఉంది. ఈక మీద ఏ అక్షరమూ లేని తెల్ల కాగితంగా మారి, అది మనకు తిరిగి చేరింది.

ఈ వసంతంలో నా దగ్గర రెండు పెట్టలు నిలిచాయి. మొదటిదాని అంచులు కలంతో దిద్దినట్లుంటాయి. కానీ పన్నెండు గుడ్లు పొదిగిస్తే రెండే పిల్లలయ్యాయి. రెండవదాని లోపలి అంచు ఇంకు పీల్చిన కాగితంలా చెదిరి ఉంటుంది. దాని పన్నెండింటిలో తొమ్మిది పిల్లలయ్యాయి. నడక బాగు, తల్లితనం బాగు. ఒక్కదానికే చోటుంది. కోళ్లు పెంచే పొరుగు పెద్దాయన మొదటిదాన్నే ఉంచమన్నాడు. నేను రెండవదాన్ని ఉంచుకుని, మొదటిదాన్ని ఆయనకే ఇచ్చాను. అయితే మొదటిదాని కొడుకు, నిరుడు పుట్టిన నల్ల పుంజు, నా దగ్గరే ఉంది. తల్లి అంచులు దానిలో ఎక్కడో కనబడకుండా ఉన్నాయి. దానిని ఈ చెదిరిన అంచు పెట్టతో జత కట్టించాను. గుడ్డు తేలిపోయాక ఎంత చక్కని అంచైనా ఎవరికి?

పిల్లలు ఇప్పుడు ఆరు వారాలవి. ఒంటినిండా తొలి ఈకలే గనుక ఏమీ చెప్పలేను. నిన్న నాన్నగారు ఫోను చేసి బీపీ మాత్రల సంగతీ, వరి ధర సంగతీ మాట్లాడాక, పెట్టేసే ముందు, "ఆ పిల్లలకు అంచులు ఎప్పుడు పడతాయన్నావు?" అని అడిగారు.

భాద్రపదం వెళ్లాక అని చెప్పాను.