గొట్టము నేర్పిన పాఠము

నేను ముప్పదియేండ్లకు పైగా తెలుగు బోధించితిని. పద్యమునకు అర్థము చెప్పుట తెలిసినంతగా నాకు నీటిగొట్టముల సంగతి తెలియదు. తెలియకపోవుట తప్పు కాదు. తెలిసినవాని మాట వినకపోవుట తప్పు. ఆ తప్పు నేను చేసితిని.

అది 2002వ సంవత్సరపు వర్షాకాలము. మా పల్లెటూరి పాఠశాలలో ప్రధానోపాధ్యాయుని బాధ్యత నాపై నుండెను. ఒకనాడు అయిదుగురు పిల్లలకు వాంతులు, విరేచనములు పట్టుకొనెను. వైద్యుడు వచ్చి మందు లిచ్చెను. కుళాయి బాగుచేయ వచ్చిన పనివాడు నాతో, "అయ్యగారూ! మురుగుకాలువ ప్రక్కన గొట్టము పగిలినట్లున్నది. ఆ నీళ్లు పిల్లలను త్రాగనీయకండి" అనెను. "వైద్యులుగారు చూచుచున్నారు గదా! నీ పని నీవు చూచుకో" అని గద్దించితిని.

మూడు దినములలో మరి తొమ్మిదిమంది మంచము పట్టిరి. అప్పుడు వైద్యుడే, "వీరు త్రాగు నీరెక్కడిది?" అని అడిగెను. త్రవ్వించి చూడగా గొట్టము చీలియే యున్నది. పిల్లలందరును కోలుకొనిరి. కాని ఆసుపత్రిలో పడియున్న ఒక బాలిక, "మాస్టారూ! నాకు పరీక్ష పోయినట్లేనా?" అని అడిగిన మాట నేటికిని నా చెవిలో నున్నది.

ఆ యేటి చివరనే దక్షిణ చైనాలో సార్సు అను క్రొత్త శ్వాసకోశవ్యాధి తలయెత్తి, 2003లో అనేక దేశములకు ప్రాకెను. వియత్నాములో దానిని గుర్తించి హెచ్చరించిన ఇటలీ వైద్యుడు కార్లో ఉర్బానీ ఆ వ్యాధికే బలియయ్యెను. మార్చి 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశములలోని 11 ప్రయోగశాలలను ఒక్క త్రాటిపైకి తెచ్చెను. ఒకరు వైరసును పెంచిరి. ఒకరు సూక్ష్మదర్శినిలో దాని రూపము చూచిరి. వేరొకరు దాని జన్యువులను చదివిరి. కనుగొన్నదానిని దాచుకొనక, ప్రతిదినము టెలిఫోనులో చెప్పుకొనిరి. నెల నాళ్లకే, ఏప్రిల్ 16న, అది క్రొత్త కరోనా వైరసని ప్రకటించిరి.

హాంకాంగులో అమాయ్ గార్డెన్స్ అను నివాససముదాయములో 300 మందికి పైగా ఈ వ్యాధి సోకెను. కారణమును వైద్యులతోపాటు కట్టడముల సంగతి తెలిసినవారును వెదకిరి. స్నానపుగది మురుగుగొట్టపు వంపులో నీరు నిలిచియుండవలెను. ఆ నీరే మురుగుగాలిని పైకి రానీయదు. అక్కడ అనేక గృహములలో ఆ వంపులు ఎండిపోయి యుండెను. గాలిపంకాలు ఆ దారిని వైరసుతో కూడిన తుంపరలను గదులలోనికి లాగియుండునని వారు నిర్ణయించిరి. జూలై 5 నాటికి వ్యాధివ్యాప్తి ఆగెను. కాని అప్పటికే లోకమున ఎనిమిదివేలమందికి పైగా జబ్బుపడిరి, 774 మంది మరణించిరి.

హాంకాంగు వార్తను పత్రికలో చదివి నేను సిగ్గుపడితిని. అంతటి వైద్యులు గొట్టముల సంగతి తెలిసినవారి మాట వినిరి. నేను గద్దించి పంపితిని. బాలబాలికలారా! ఆపద వేళ ఎవరు గొప్పవారని చూడవలదు. ఎవరికేమి తెలియునో అడుగుడు.

ఆ సాయంకాలమే పనివాని యింటికి పోయి, క్షమింపుమని కోరితిని. అతడు, "ఇప్పుడు నీళ్లు బాగున్నవా, అయ్యగారూ?" అని మాత్రము అడిగెను.