జనగామ దారిలో ఇత్తడి చప్పుడు

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే దారిలో ఆలేరు దాటాక, జనగామ ఇంకా రాకముందే పెంబర్తి తగులుతుంది. చాలామంది రోడ్డు పక్కనే ఒక జ్ఞాపికో, దీపపు కుందో బేరమాడి కొనుక్కుని మళ్లీ బండెక్కుతారు. ఊళ్లోకి నడిచినవాళ్లకు మాత్రం ముందు చప్పుడు వినబడుతుంది. ఒక ఇంట్లో సన్నగా టిక్కుటిక్కుమని, పక్కింట్లో కాస్త బరువుగా. అది రేకు మీద ఉలి, ఉలి మీద సుత్తి.

పెంబర్తి పనిని దగ్గర కూర్చుని చూడాలి. చెక్క పలక మీద లక్క ముద్ద పరిచి, వేడికి అది మెత్తబడ్డాక ఇత్తడి రేకును అదుముతారు. చల్లారిందంటే రేకు ఇక కదలదు. గీసుకున్న బొమ్మ వెంట ఉలి మెల్లగా నడుస్తుంది. ఉలుల్లో పదునైనవి కొన్నే. మొద్దు మొనవి, గుండ్రటివి, చుక్క పెట్టేవి చేతికందేటట్టు పక్కనే పడి ఉంటాయి. గీత పని అయ్యాక రేకును వేడి చేసి ఊడదీస్తారు, తిరగేసి మళ్లీ లక్కకు అతికిస్తారు. ఈసారి వెనక నుంచి కొడితే ముందు వైపు ఉబ్బుతుంది: అమ్మవారి బుగ్గ, సింహం జూలు, తామర రేకు. గట్టి నేల మీద పెట్టి ఇదే దెబ్బ కొడితే రేకు చిరుగుతుంది. లక్క ఆ దెబ్బను మింగేస్తుంది, రేకును సాగనిస్తుంది. ఎంత కొట్టాలో చెప్పే కొలత ఏదీ లేదు, అంతా చెయ్యి ఎరుకే. మూతి ఒంకర పోయిన దేవుణ్ణి గుడికి పంపలేరు కదా!

విశ్వకర్మల ఈ విద్య కాకతీయుల నాడే రథాలకు, గుళ్లకు సొగసు దిద్దిందని చెప్తారు. నిజాం కాలంలో పాన్‌దాన్‌లు, అత్తర్‌దాన్‌లు చేశారు. ఇప్పుడు ధ్వజస్తంభం తొడుగులు, మకర తోరణాలు, గర్భగుడి తలుపుల రేకులు చేస్తున్నారు. రాష్ట్రం విడిపోకముందే పెంబర్తి లోహకళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఎంచిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో సిద్దిపేట జిల్లా చంద్లాపూర్‌తో పాటు పెంబర్తి కూడా ఉంది.

ఇలాంటి విద్యలకు పాత కట్టడాలు కూడా నీడ ఇవ్వగలవు. బీజింగ్‌లో పాత ఎలక్ట్రానిక్ ఫ్యాక్టరీల షెడ్లు 798 పేరుతో చిత్రకారుల, శిల్పుల పనిచోట్లయ్యాయి. హైదరాబాద్‌లో 1903 నాటి సైఫాబాద్ టంకశాల 2022లో మ్యూజియంగా తెరుచుకుంది. వరంగల్‌కు కూడా అలాంటి కట్టడం ఒకటి ఉండేది. 1934లో మొదలైన ఆజంజాహీ బట్టల మిల్లు 2002లో మూతపడింది, తర్వాత కట్టడాలను కూల్చారు. ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టిన మిల్లు అది. ఆ షెడ్లలో కొన్నయినా మిగిలుంటే పెంబర్తి రేకు పనికి, చేర్యాల నకాశీ బొమ్మలకు, వరంగల్ దర్రీల మగ్గాలకు ఒకే కప్పు కింద చోటు దొరికేది. రేకు కొట్టడం నేర్చుకోవాలనుకున్న పిల్లవాడు నేరుగా అక్కడికే పోయేవాడు. ఆ నష్టం చిన్నదేం కాదు.

పెంబర్తిలో మాత్రం ఇంటి వసారానే కార్ఖానా. ఆ వసారాను ఇన్నాళ్లు నిలబెట్టినవి గుళ్ల ఆర్డర్లు. ఊళ్లో కొత్త ధ్వజస్తంభం ఎత్తాలన్నా, పాతదానికి తొడుగు మార్చాలన్నా ఎవరో ఒకరు ఇక్కడికి రావాల్సిందే. బడుల్లో, ఆఫీసుల్లో ఇచ్చే జ్ఞాపికల్లో ప్లాస్టిక్ బదులు పెంబర్తి రేకు కనిపిస్తే ఇంకో నాలుగిళ్లలో సుత్తి ఆగకుండా ఉంటుంది.

జనగామ జిల్లాలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. పోతన బమ్మెర, సోమనాథుడి పాలకుర్తి ఇక్కడివే. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి కూడా ఇక్కడిదే.

జనగామకు తూర్పున మహబూబాబాద్, జనం నోట మానుకోట. ఈ జిల్లా బయ్యారంలో ఇనుప ఖనిజం ఉంది. 2014 విభజన చట్టం నాటి నుంచి ఉక్కు ఫ్యాక్టరీ కోసం అక్కడి జనం ఎదురు చూస్తూనే ఉన్నారు. పెంబర్తి ఎక్కడి నుంచో వచ్చిన రేకుతో బతుకుతుంటే, బయ్యారం సొంత రాయి పెట్టుకుని ఖాళీగా కూర్చుంది.

అక్కడి నుంచి ఉత్తరాన భూపాలపల్లి. సింగరేణి బొగ్గు, చెల్పూరు కరెంటు కేంద్రం, గణపురం కోటగుళ్లు ఈ జిల్లావే. రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో రాతి చరియల కింద ఆదిమానవులు ఎర్ర రంగుతో వేసిన బొమ్మలున్నాయి. ఎండ నెత్తికెక్కకముందే, పొద్దున్నే పోతే బాగా కనిపిస్తాయి.